వేడికి నేను పెట్టిన మూడు పేర్లు

ఉద్యోగం విరమించి రెండేళ్లు కావస్తున్నా, తెల్లవారుజామున కలలోకి ఇంకా పుటలే వస్తాయి నాకు. గోదావరి మీద మంచు కమ్మినప్పుడు అవతలి ఒడ్డు కనపడదు చూడండి, అలాంటి తెల్లటి పుటలు. వాటి మీద అక్షరాలు పడవల్లా ఒక్కొక్కటే తేలి వస్తాయి. దగ్గరికొచ్చాక చూస్తే మా యంత్రంలోని ఏదో ఒక మాడ్యూలు పేరు. సరిగ్గానే ఉందా అని చదువుకుంటాను. ఉంటే దణ్ణం పెట్టుకుని లేస్తాను.

కలలో కూడా పేర్లు సరిచూసుకునే ఈ అలవాటు ఊరికే రాలేదు. దాని వెనక మండపేట మిల్లులో గడిచిన ఒక రోజుంది. యంత్రాలకు పుస్తకాలు రాసే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు ఈ మధ్య ఇంటికొచ్చి, "ఏం జాగ్రత్తలు తీసుకోవాలండీ?" అని అడుగుతున్నారు. జాగ్రత్తలు బోధించేటంత దాన్ని కాను. జరిగింది చెబుతాను, అంతే.

నేను బడికి వెళ్లి చదువుకోలేదు. మాది గోదావరి నడిమి లంక. ఏటా వరదకు రేవు మునిగేది, పడవ ఆగిపోయేది. దానికి తోడు నాకు ఉబ్బసం. అందుకని తాతగారే అరుగు మీద కూర్చోబెట్టి తెలుగు, లెక్కలు, కాస్త సంస్కృతం, పాత పేపర్లలోంచి ఇంగ్లీషు నేర్పారు. పొద్దున్నే స్నానం చేసి ఆయనతో పాటు స్వామి వెయ్యి నామాలు చదవడంతో మా బడి మొదలయ్యేది. ఆయన నేర్పిన వాటిలో ఒకటి బాగా ఒంటబట్టింది. ఒకే పేరు వెంటవెంటనే రెండుసార్లు రాస్తే పలక మీద అడ్డంగా గీత కొట్టేసేవారు. "అమ్మడూ, స్వామికి వెయ్యి పేర్లు దొరికాయి. నీకు రెండో మాట దొరకలేదా?" అనేవారు.

ఆ చదువుతోనే ప్రైవేటుగా పరీక్షలు కట్టాను. పెళ్లయి రాజమండ్రి వచ్చి, పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యాక, గోదావరి గట్టుకు దగ్గర్లో ఒక మేడ మీదున్న చిన్న కంపెనీలో టైపు పనికి చేరాను. కిటికీలోంచి రైలు వంతెన కనిపించేది. గూడ్సు బండి వెళ్తున్నంతసేపూ బల్ల మీద గాజు గ్లాసులో నీళ్లు సన్నగా వణికేవి. అలాంటి చోట కూర్చుని పని చేసుకునే భాగ్యం ఎంతమందికి దొరుకుతుంది? ఇప్పటికీ ఆ కిటికీకి రుణపడి ఉన్నాననే అనుకుంటాను.

మా కంపెనీ రైస్ మిల్లుల్లో వడ్లు ఆరబెట్టే డ్రయ్యర్లకు పెట్టెలు చేసేది. డ్రయ్యర్‌కి పక్కనే గోడకు బిగించే ఇనప్పెట్టె అది. పొయ్యి ఎంత మండాలో, గాలి ఎంత తోలాలో, ఎప్పుడు ఆగాలో అదే చూసుకునేది. దానికి ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష కూడా ఉండేది. మా ఇంజనీరు గారే, అంటే కంపెనీ పెట్టినాయనే, ఆ భాషను తయారుచేశారు. మిల్లువాళ్లకు సులువుగా ఉండాలని తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఏర్పాటు చేశారు. ఒక్కో పనికి ఒక్కో మాడ్యూలు, అంటే ప్రోగ్రాములో ఒక ముక్క. తేమ చూసేదాని పేరు 'తేమ', గాలి తోలేదాని పేరు 'గాలి', పొయ్యి అదుపు చూసేదాని పేరు 'వేడి'. పేరు పెట్టి పిలిచి పని చెబితే చేసేవి. 'వేడి నలభై మూడు' అని కొట్టామంటే గాలి నలభై మూడు డిగ్రీలు దాటి వేడెక్కదు. ఏమీ చెప్పకపోతే మాత్రం అరవై దాకా వెళ్తుంది. తిండి వడ్లకు అరవై అయినా ఫరవాలేదు. విత్తనపు వడ్లకు అంత వేడి తగిలితే గింజలో ప్రాణం పోతుంది. పైకి చూస్తే ఏమీ తెలియదు, బంగారంలా మెరుస్తూనే ఉంటుంది.

ఇంజనీరు గారు మహా తెలివైనవారు గానీ, నాలుగు వాక్యాలు వరసగా రాయమంటే చెమటలు పట్టేవి. నేను టైపు చేసిన ఉత్తరాలు చూసి ఒకరోజు, "పెట్టెతో పాటు ఇచ్చే పుస్తకం మీరే రాసెయ్యండి. నేను చెబుతుంటాను, మీరు మనుషుల భాషలో పెట్టండి" అన్నారు. అలా నేను మాన్యువల్ రచయిత్రినయ్యాను.

ఎంత ప్రేమగా రాశానో చెప్పలేను. మొదటి అధ్యాయాల్లో ఆ మాడ్యూలును 'వేడి' అనే రాశాను. మధ్యకు వచ్చేసరికి అదే మాట పుటకు పదిసార్లు కనపడి, తాతగారి బలపం చప్పుడు వినిపించింది. 'ఉష్ణం' అని మార్చాను. ఏడో అధ్యాయం విత్తనపు వడ్ల గురించి. లంకలో మా ఇంటి గాదెలు, విత్తనం పక్కకు తీసి బొట్టుపెట్టి దాచే అమ్మ చేతులు, అన్నీ కళ్ల ముందు కదిలి, వేడికి మా ఊళ్లో అనే మాట ఒకటి కలంలోకి వచ్చింది. 'కాక' అని రాశాను. పైన మాట మార్చాక కింద ఉదాహరణగా ఇచ్చిన, పెట్టెలో కొట్టాల్సిన వరస కూడా దానికి తగ్గట్టే మార్చాను, 'కాక నలభై మూడు' అని.

గుడ్డిగా రాయలేదండి. ఆఫీసులో ఉన్న పెట్టెలో కొట్టి చూశాను. పచ్చ దీపం వెలిగింది. పెట్టె ఒప్పుకుంది కదా, ఇంకేం కావాలి?

తర్వాత తెలిసింది, మా పెట్టెకు మొహమాటం ఎక్కువని. తెలియని పేరు కొడితే 'నాకు తెలియదు' అనేది కాదు. ఆ పేరుతో కొత్తగా ఒక ఖాళీ అర తెరిచి, మనం చెప్పిన అంకె అందులో భద్రంగా దాచుకుని, పచ్చ దీపం వెలిగించేది. మిల్లువాళ్లు తమకు కావలసిన పేర్లు తాము పెట్టుకుంటారని ఇంజనీరు గారు కావాలనే ఇచ్చిన సౌకర్యం అది. గోదావరి జిల్లాలో పుట్టిన పెట్టె కదండీ, కాదనడం దానికి చేతకాదు. అవతల పొయ్యి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదనుకుని అరవైకి వెళ్తూనే ఉంటుంది.

ఆ సంగతి తెలియక, అచ్చయిన పుస్తకాన్ని దేవుడి దగ్గర పెట్టి హారతిచ్చాను.

ఏడాది గడిచింది. దాళ్వా, అంటే రెండో పంట, కోతల వేళకు పట్టుకున్న వాన ఆరు రోజులు వదల్లేదు. కళ్లాల్లో వడ్లు ఆరబెట్టే దారి లేదు. మండపేట దగ్గర ఒక ఊరి రైతులు పది ఇళ్లవాళ్లు కలిసి, తొలకరికి వేసే సార్వా పంటకు దాచుకున్న విత్తనపు వడ్లను మా పెట్టె ఉన్న మిల్లుకు తెచ్చారు. పాత రకం విత్తనం. బజారులో అడిగితే దొరకదు. అందుకే వాళ్లు తరాలుగా ఇంట్లోనే కట్టుకుంటున్నారు.

ఆ మిల్లు ఎలక్ట్రీషియన్ గారు ఆ సాయంత్రం ఆఫీసుకు ఫోన్ చేశారు. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. శుక్రవారం, దీపాల వేళ. నేను సంచి భుజానికి తగిలించుకుని, గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చి ఫోనెత్తాను.

"అమ్మగారండీ, ఏడో పాఠంలో ఓ చిన్న అనుమానమండి. పేరు ముందు ఒకలాగా, ఇక్కడ ఇంకోలాగా ఉందండి..."

"పుస్తకంలో ఎలా ఉంటే అలా కొట్టండి. చూసే రాశాం" అన్నాను.

"ఆయ్, అలాగేనండి. మీరు చెప్పేక ఇంకేంటండి" అని పెట్టేశారు.

మాట అంతటితో అయిపోయింది. ఇంటికెళ్లి దీపం పెట్టుకున్నాను. ఆ ఫోన్ సంగతి మర్చిపోయాను కూడా.

మూడు వారాల తర్వాత మిల్లు యజమాని గారి నుంచి కబురు. విత్తనం చచ్చిపోయిందని అనుమానంగా ఉంది, మండె కట్టిన మూట ఆ రోజే విప్పుతున్నారు, వచ్చి చూడమని. నానబెట్టిన వడ్లను తడిగుడ్డలో మూటకట్టి, గడ్డి కప్పి వెచ్చగా ఉంచడాన్ని మావైపు మండె కట్టడమంటారు. ప్రాణమున్న గింజ మూడు రోజుల్లో మొలకెత్తుతుంది.

ఇంజనీరు గారు, "మీరూ రండి. మాట్లాడ్డం మీకు బాగా వచ్చు" అన్నారు. కారు ధవళేశ్వరం దాటి కాలువ గట్టు పట్టింది. కడియం నర్సరీల్లో పిల్లమొక్కలు వాన కడిగిన ఆకులతో వరసలు వరసలుగా నిలబడి ఉన్నాయి. ఒక్కోదాని మెడలో పేరు రాసిన చీటీ. నీళ్లమీద ఎండ, ఆ ఎండలో చీటీలు అల్లాడడం చూస్తుంటే ఎందుకో కళ్లు చెమర్చాయి. అప్పటికి నా మనసులో ఏ భయమూ లేదు. అదే ఆశ్చర్యం.

మిల్లు ఆవరణలో పదిమంది రైతులున్నారు. వాళ్లకు పెద్దదిక్కుగా ఒక ముసలావిడ, ముతక చీర, కాళ్లకు కడియాలు, నేల మీదే కూర్చుని ఉంది. ఆవిడ ముందు రెండు మూటలు. ఎలక్ట్రీషియన్ గారు డ్రయ్యర్ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇరవై రెండేళ్లుగా ఆ మిల్లులో ఉన్న మనిషి. యజమాని గారు మేం వచ్చేటప్పటికే కేకలేస్తున్నారు.

"ఇదిగో, అందరి ముందూ చెబుతున్నా. ఈ మూటలో మొలక లేకపోతే రేపట్నించి నువ్వు గేటు లోపలికి రావద్దు. ఊరందరి విత్తనం తగలబెట్టినోడు నాకెందుకు?"

"బాబుగారండీ, నేను కొట్టింది కొట్టినట్టే..."

"నోరుముయ్యి!"

ముసలావిడ తలెత్తింది. "అరవకు నాయనా. విప్పుతున్నాగా" అంది.

ఎవరో రైతు ఆశగా అన్నాడు, "కొత్త వడ్లు గదా పిన్నీ, ఇంకా నిద్దట్లో ఉన్నాయేమో." నిజమే, అప్పుడే కోసిన గింజ కొన్నాళ్లు నిద్రపోతుంది. ఎంత తడిపినా లేవదు.

"అందుకే రెండు కట్టేను. ఇది అదే చేలోదే. ఇంట్లో చేటలో నీడన ఆరబెట్టేను. ఇది నిద్దరోతుంటే అదీ నిద్దరోతున్నట్టు" అంటూ మొదటి మూట విప్పింది. లోపల తెల్లగా, చిన్నచిన్న కోరల్లా మొలకలు. తడిగడ్డి వాసన గుప్పుమంది. ఎంత అందంగా ఉన్నాయో! ఒక్క క్షణం అందరం ఎందుకొచ్చామో మర్చిపోయాం.

రెండో మూట విప్పింది. గింజలు నాని, ఉబ్బి, నిగనిగలాడుతున్నాయి. ఆవిడ వేళ్లతో కెలికి కెలికి చూసింది. మొలక వచ్చినవి రెండు చేతుల వేళ్లకు సరిపోతాయేమో. మిగతావన్నీ ఊరికే ఉన్నాయి.

ఇంజనీరు గారు వెళ్లి పెట్టెలో ఆ రోజు నమోదైన లెక్క చూశారు. "డ్రయ్యర్ అరవైలో నడిచింది. ఇదిగో ఈయన కొట్టిన వరస. 'కాక నలభై మూడు.' కాక అని మన దగ్గర మాడ్యూలే లేదండీ. పేరు తప్పు కొట్టేశారు."

"విన్నావా?" అన్నారు యజమాని గారు.

కాక అన్న మాట చెవిన పడగానే ముందు మా లంక గుర్తొచ్చింది, ఆ వెనకే ఏడో అధ్యాయం, ఆ వెనకే శుక్రవారం సాయంత్రం ఫోను. ఇంజనీరు గారు ఆ అధ్యాయం చదవలేదని నాకు తెలుసు. అక్కడున్న వాళ్లలో దాన్ని చదివినవాళ్లం ఇద్దరమే. నేను, ఎలక్ట్రీషియన్ గారు. నేను అబద్ధం చెప్పక్కర్లేదు, ఊరుకుంటే చాలు. ఎలక్ట్రీషియన్ గారు ఒక్కసారి నా వైపు చూసి తల దించుకున్నారు.

వెయ్యి నామాలు చదివే నోరు. ఆ క్షణంలో ఒక్క నామం గుర్తు రాలేదు. 'స్వామీ' అనుకున్నాను, అంతే.

"మీ దగ్గర పుస్తకం ఉందాండీ?" అని ఎలక్ట్రీషియన్ గారిని అడిగాను.

ఆయన కదల్లేదు. "ఇప్పుడెందుకులెండి అమ్మగారూ."

"ఇవ్వండి."

పనిముట్ల పెట్టెలోంచి, పాలిథిన్ కవరులో చుట్టిన పుస్తకం తీసిచ్చారు. అట్ట మీద పసుపు, ఎండిన కుంకుమ. దసరాకు స్క్రూడ్రైవర్లు, టెస్టర్లతో పాటు నా పుస్తకానికీ బొట్టు పెట్టుకున్నారాయన. ఏడో అధ్యాయం తీశాను. 'కాక' అన్న మాట పక్కన పెన్సిలుతో ముత్యాల్లాంటి అక్షరాలు. 'ఇది వేడేనా? అడగాలి.' దాని కింద మళ్లీ, 'అడిగాను. ఇదే కొట్టమన్నారు.'

ఆ రెండు ముక్కలు చూపిస్తే చాలు, ఆయన మీద మాట ఉండేది కాదు. అయినా ఆయన చూపించలేదు.

పైకి చదివాను. నేను రాసిన వరస, ఆయన రాసుకున్న రెండు ముక్కలు, అన్నీ చదివి, "పేరు తప్పు కొట్టింది ఈయన కాదండి. తప్పు రాసింది నేను. ఈయన అడిగితే విననిదీ నేనే" అన్నాను.

యజమాని గారు పుస్తకం లాక్కుని తానే చూసుకున్నారు. తర్వాత ఎలక్ట్రీషియన్ గారి వైపు తిరిగి, "ఏంటయ్యా, ఇది ముందే చూపించొచ్చుగా! నోట్లో ఏం పెట్టుకున్నావ్?" అన్నారు. కోపం గొంతులో ఇంకా ఉంది గానీ, దారి మారింది.

"ఆడకూతురు రాసిన పుస్తకమండి. పదిమందిలో ఎలా చూపించమంటారండి?" అన్నారాయన.

ముసలావిడ నా వైపు తిరిగింది. "పేరు మారితే ఇంత అవుద్దా తల్లీ?"

"అవుతుందండి."

"మా మనవడికి నాలుగు పేర్లు. ఏ పేరున పిలిచినా అన్నానికి పరిగెత్తుకొచ్చేస్తాడు."

"వాడికి మీరెవరో తెలుసండి. ఈ పెట్టెకు మనం ఎవరమో తెలీదు."

ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఇన్నేళ్లుగా దాన్నే తలుచుకుంటున్నాను. స్వామిని ఏ పేరుతో పిలిచినా పలుకుతాడంటే ఆ గొప్పతనం పేర్లది కాదు. ఆయనకు మనం తెలుసు. తాతగారు చెప్పింది తప్పు కాదు, నేను దాన్ని తీసుకెళ్లి పెట్టిన చోటు తప్పు.

"సరే, నారుమళ్లకేం పోస్తాం మరి?" అని ముసలావిడ అసలు సంగతికొచ్చింది. పిఠాపురం వైపు వాళ్ల వియ్యాలవారి దగ్గర అదే రకం విత్తనం ఉందని ఆవిడే చెప్పింది. ఇంజనీరు గారు ఆ వారంలోనే కంపెనీ తరఫున లారీ పెట్టి తెప్పించి ఇచ్చారు. ఎలక్ట్రీషియన్ గారు మర్నాడు మామూలుగానే గేటు లోపలికి వెళ్లారు.

కారులో వెనక్కొస్తుంటే, కడియం దాటాక ఇంజనీరు గారు, "తప్పు సగం నాదండీ. తెలియని పేరుకు పచ్చ దీపం వెలిగించింది నేనే. పైగా మీ పుస్తకం చదవనే లేదు" అన్నారు. ఆ మనిషికి ఎన్ని దణ్ణాలు పెట్టినా చాలవు. నన్ను పనిలోంచి తీసేస్తారనుకుంటూ కూర్చున్నాను మరి.

ఆ వానాకాలమంతా పుస్తకం తిరగరాశాను. నియమం ఒక్కటే. కొట్టేటప్పుడు ఏ పేరో, పాఠంలో అదే పేరు, బొమ్మ కింద అదే, చివరి పట్టికలో అదే. 'వేడి' పుటకు పదిసార్లు వస్తే పదిసార్లూ వేడే. మొదట్లో చెయ్యి మొరాయించేది, వాక్యం బోడిగా కనిపించేది. రానురాను అందులో ఒక లయ దొరికింది. జపంలో ఒకటే నామం తిరిగి తిరిగి వస్తుంది కదా, విసుగు పుడుతుందా? అలాగన్నమాట.

ఆ పుస్తకం అచ్చుకు వెళ్లేముందు ఎలక్ట్రీషియన్ గారి చేత చదివించాలని పట్టుబట్టాను. నెలకు రెండు ఆదివారాలు మండపేట బస్సెక్కేదాన్ని. నేను చదివేదాన్ని, ఆయన వేలుపెట్టి చూస్తూ పెట్టెలో కొట్టేవారు. పెట్టెను కూడా ఇంజనీరు గారు మార్చారు. తెలియని పేరు కొడితే ఎర్ర దీపం వెలిగి, తెర మీద ఒక మాట రావాలి. ఏం మాట పెట్టాలని నన్నడిగితే రాసిచ్చాను: 'ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరండి.' ఆఖర్న 'అండి' ఎందుకని నవ్వారాయన. కాదని చెప్పడం నేర్పాం కదా, మర్యాద కూడా నేర్పకపోతే ఎలా అన్నాను.

ఇంకొక్క సంగతి. ఆ మొలకెత్తని వడ్లు పారబొయ్యలేదు. విత్తనానికి పనికిరాకపోయినా తిండికి పనికొస్తాయి. మిల్లులోనే ఆడించారు. ఒక బస్తా బియ్యం నేను అడిగి తెచ్చుకున్నాను. శుక్రవారం పరమాన్నం వండి నైవేద్యం పెట్టాను. మెతుకు విరగలేదు. కమ్మగా ఉంది. నా తప్పు కూడా నా స్వామి అంత తియ్యగా చేసి పెట్టాడని ఏడుస్తూ తిన్నాను. ఆరు నెలలు అదే బియ్యం తిన్నాం.

నా ఉద్యోగంలో చివరి రోజు కూడా శుక్రవారమే పడింది. శాలువా కప్పారు, అరటిపళ్లు చేతిలో పెట్టారు. దీపాల వేళయింది. సంచి భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా వెళ్లానో లేదో ఫోన్ మోగింది.

"అమ్మగారండీ, ఇవాళే ఆఖరంట కదండీ. దణ్ణం పెట్టుకుందామని చేసేనండి. మొన్న మీరు పంపిన కొత్త పుస్తకం మొత్తం చదివేనండి. అన్నీ ఒక్కలాగే ఉన్నాయండి."

"సంతోషమండి."

వంతెన మీద గూడ్సు బండి వస్తున్నట్టుంది, బల్ల మీద గ్లాసులో నీళ్లు వణుకుతున్నాయి.

"అయినా గాని... తొమ్మిదో పాఠంలో ఓ చిన్న అనుమానమండి. మీకు టైమైపోయిందేమో."

సంచి కిందపెట్టి కుర్చీలో కూర్చున్నాను.

"ఉండండి, పుస్తకం తీస్తాను. ఎన్నో పుటండీ?"